శాంటియాగో నుంచి విశాఖకు ఎన్ని గంటలు

తొంభైల మధ్యలో నేను విశాఖ వన్ టౌన్‌లో ఒక ట్రావెల్ ఆఫీసులో పనిచేశాను. కింద ఉల్లిపాయల గోదాము, పైన మా ఆఫీసు. ట్రావెల్ ఆఫీసు అనగానే చుట్టాలు తిరుపతి బస్సు ఎన్నింటికని అడిగేవారు. మాది ఆ పని కాదు. ఓడల్లో పనిచేసేవాళ్ళని వాళ్ళ ఓడ ఏ దేశంలో ఉంటే అక్కడికి పంపడం, పని ముగిసినవాళ్ళని ఏ రేవులో దిగితే అక్కణ్ణుంచి ఇంటికి తేవడం మా పని. మా నాన్న గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చి కంచరపాలెంలో స్థిరపడ్డ మనిషి. ఆయనకి తెలిసినవాళ్ళ ద్వారా ఈ ఉద్యోగం దొరికింది. లెక్కలు ముఖ్య సబ్జెక్టుగా డిగ్రీ చదివాను. అప్పటికి నేను విమానం ఎక్కలేదు, దగ్గర్నుంచి చూడనూ లేదు.

ఆఫీసు యజమాని కృష్ణా జిల్లా ఆయన. ఓడల్లో రేడియో ఆఫీసరుగా పాతికేళ్ళు తిరిగి, చెవి వినికిడి తగ్గాక ఒడ్డుకి చేరారు. ఆయన బల్ల మీద ఒక గ్లోబు ఉండేది, గుమ్మడికాయంత. దాని నడుం చుట్టూ దారం చుట్టి కొలిస్తే తొంభై నాలుగు సెంటీమీటర్లు. భూమి నడుం నలభై వేల కిలోమీటర్లు. విమానం గంటకి ఇంచుమించు ఎనిమిది వందల యాభై కిలోమీటర్లు పోతుంది. ఇవన్నీ కలిపి ఆయన నాకు మొదటి వారంలోనే ఒక సూత్రం చెప్పారు.

"దారం మీద సెంటీమీటరుకి అరగంట. ఓడ కంపెనీవాళ్ళు ఫోన్ చేసి ఎంతసేపు పడుతుందని అడిగితే పుస్తకం తియ్యక్కర్లేదు అమ్మాయ్. రెండు ఊళ్ళ మధ్య దారం పట్టుకో, చాలు."

పుస్తకం అంటే టైం టేబుళ్ళ పుస్తకం. ప్రపంచంలోని విమానాలన్నీ అందులో ఉండేవి. రెండు చేతులతో ఎత్తాలి. అక్షరాలు ఆవగింజలంత. బయలుదేరే టైము బయలుదేరే ఊరిది, చేరే టైము చేరే ఊరిది. రెండిట్లో ఒకటి తీసేసి ప్రయాణం ఇంతసేపని చెబితే తప్పు. రెండు ఊళ్ళ గడియారాలకి మధ్య తేడా ఎంతో అది కలపాలి, లేదా తియ్యాలి. చేరేసరికి మర్నాడు అయితే టైము పక్కన చిన్నగా ఒకటి అంకె ఉంటుంది. నెల తిరిగేసరికి ఇవన్నీ నాకు నోటికొచ్చేశాయి. అంతకుముందు ఆ పని చూసినాయన మూడు నెలలు తీసుకున్నాడని విని కాస్త గర్వపడ్డాను కూడా.

ఒక సోమవారం మధ్యాహ్నం జాలారిపేట నుంచి ఇద్దరు వచ్చారు. ఒక ముసలాయన, ఆయన కోడలు. ఆయన ఇంకా సముద్రం మీద చేపల వేటకి వెళ్తూనే ఉన్నాడు. మెడ వెనక చర్మం ఎండకి పగిలి ఉంది. ఆమెకి ముప్పై లోపే ఉంటుంది. ఆయన కొడుకు, అంటే ఆమె మొగుడు, సరుకుల ఓడలో ఖలాసీ. వాళ్ళ ఓడ చిలీ దేశంలో రేవుకి కడుతుంటే మోకు తెగి చెయ్యి నలిగిందని పదిహేను రోజుల కిందట కబురు వచ్చింది. ఆసుపత్రిలో ఉంచి, ఇప్పుడు ఇంటికి పంపుతున్నారు. ఫ్యాక్సు కాగితం మా ఆఫీసుకి వచ్చింది.

"కాయితం వొచ్చిందంట కదమ్మా. ఏటి రాసేరో సదివి సెప్పు" అన్నాడు ఆయన, నుంచునే.

కూచోమని చెప్పి చదివాను. "ఎడమ చేతి వేళ్ళకి దెబ్బ తగిలింది బాబాయ్. ఆపరేషన్ అయింది. విమానం ఎక్కొచ్చని డాక్టరు రాసిచ్చాడు. అక్కడ మంగళవారం సాయంత్రం ఆరింటికి శాంటియాగోలో ఎక్కుతాడు."

"ఏళ్ళకేనా?" అంది కోడలు. ఆమె మాట్లాడడం అదే మొదలు.

"వేళ్ళకేనని రాశారు."

ఆమె ఆ కాగితం తీసుకుని చూసింది. ఇంగ్లీషులో ఉంది. తనకది చదవడం రాదు, అయినా ఆఖరిదాకా చూసి ఇచ్చింది.

ముసలాయన గ్లోబు వైపు చూస్తున్నాడు. "అదెంత దూరమేటమ్మా?"

నేను దారం తీశాను. శాంటియాగో మీద ఒక కొస పెట్టి, విశాఖ మీద రెండోది పెట్టి బిగించాను. నలభై సెంటీమీటర్లు. దారం దక్షిణంగా అట్లాంటిక్ సముద్రం మీదికి జారింది. ఆఫ్రికా కొసను తాకి, మడగాస్కర్ నెత్తి మీదుగా మన వైపు ఎక్కింది. ఆయన వేలితో ఆ దారం వెంట రాస్తూ వచ్చాడు.

"ఈ నీలిదంతా సంద్రమేనా?"

"సంద్రమే. పదిహేడు వేల కిలోమీటర్లు."

"కిలోమీటర్లు నాకు తెల్దు. గంటల్లో సెప్పు. మా బోటు మీదయితే ఎన్ని గంటలు?"

మీ బోటు ఎంత వేగం పోతుందని అడిగాను. గంటకి ఆరు మైళ్ళన్నాడు, సముద్రపు మైళ్ళు. కాగితం మీద వేసి చెప్పాను. "రాత్రీ పగలూ ఆపకుండా పోతే అరవై నాలుగు రోజులు."

"రెండు నెల్లు పైమాట. మరి ఇమానంలో?"

"దారం వెంట తిన్నగా పోతే ఇరవై గంటలు. కానీ ఈ దారిన విమానం లేదు బాబాయ్. ముందు పక్క దేశానికి తీసుకెళ్తారు. అక్కణ్ణుంచి పైకి జర్మనీకి. అక్కడ దిగి ఇంకోటి ఎక్కి బొంబాయి. బొంబాయి నుంచి హైదరాబాదు మీదుగా ఇక్కడికి. మధ్యలో ఆగడాలు అన్నీ కలిపి ముప్పై ఆరు గంటలు."

"సుట్టు తిప్పుతారన్నమాట."

"జనం ఎక్కువ తిరిగే దారిలోనే విమానాలు ఉంటాయి."

"సేపలున్న కాడికే కదా మేవూ ఎల్తాం" అని ఆయన తలూపాడు.

ఏ రోజు ఎన్నింటికి దిగుతాడో రాసిమ్మన్నాడు. పుస్తకం తెరిచి, ఒక్కో విమానం చూసుకుంటూ వచ్చి, చిన్న చీటీ మీద తెలుగులో రాసిచ్చాను. బుధవారం మధ్యాహ్నం మూడున్నర. ఆమె దాన్ని మడిచి జాకెట్లో పెట్టుకుంది.

బుధవారం నాలుగింటికి ఆఫీసు ఫోను మోగింది. ముసలాయన గొంతు. ఎయిర్‌పోర్టు బయట బూత్ నుంచి చేస్తున్నాడు.

"అమ్మా, మావోడు దిగలేదు. అందరూ దిగిపోయేరు. లోపల ఇంకెవుళూ లేరంటన్నారు."

ఆయన్ని లైన్లో ఉంచి పుస్తకం తీశాను. శాంటియాగో నుంచి జర్మనీ చేరే విమానం మర్నాడు దిగుతుంది. జర్మనీ నుంచి బొంబాయి వచ్చే విమానం కూడా మర్నాడే దిగుతుంది. రోజు రెండు చోట్ల మారాలి. నేను ఒక్కచోటే మార్చాను. అతను వచ్చేది గురువారం.

ఆ సంగతి ఫోనులో చెప్పబోతుంటే యజమాని నా చేతిలోంచి రిసీవరు తీసుకున్నారు. "అమ్మాయి వస్తోంది, అక్కడే ఉండండి" అని పెట్టేశారు. తర్వాత నాతో, "ఇలాంటివి ఫోనులో చెబితే నమ్మరు. నువ్వే వెళ్ళు" అన్నారు. కోప్పడలేదు. ఆటోలో ఎయిర్‌పోర్టుకి పోతున్నంతసేపూ ఏం చెప్పాలో వరసగా అనుకున్నాను. మొదట క్షమించమనాలి, తర్వాత కారణం, తర్వాత సరైన టైము.

ఎయిర్‌పోర్టు ముందు ఒక వ్యాను ఆగి ఉంది. దాని చుట్టూ పాతిక మంది దాకా ఉన్నారు, ఆడవాళ్ళూ మగవాళ్ళూ. కోడలు వాళ్ళలో లేదు. ఎక్కడని అడిగితే ఎవరో చెయ్యి చూపించారు. ఆమె అవతల, విమానంలో వచ్చిన సరుకులు బయటికి తెచ్చే గేటు దగ్గర ఒక్కతే నుంచుని ఉంది.

అక్కడెందుకు నుంచుందో నాకు అర్థం కాలేదు. వ్యాను దగ్గర ఒకావిడ చెప్పింది. రెండేళ్ళ కిందట వాళ్ళ వీధిలోనే ఒకతనికి ఓడ మీద ఒంట్లో బాగులేదని చెప్పారట. వస్తున్నాడని చెప్పారట. అందరూ వచ్చి నుంచుంటే మనిషి దిగే గేటులోంచి ఎవరూ రాలేదు. ఈ గేటులోంచి చెక్క పెట్టె వచ్చింది.

నేను ఆమె దగ్గరికి వెళ్ళాను.

"పెట్టె ఎప్పుడొస్తాది?" అంది, నా వైపు తిరక్కుండా.

"పెట్టె లేదు అక్కా. తప్పు నాది. రోజు తప్పు రాశాను. ఆయన రేపు వస్తారు. ఇప్పుడు విమానంలో ఉన్నారు."

"ఇప్పుడేడున్నాడు?"

చేతిలో ఉన్న కాగితం వెనక లెక్క వేశాను. అప్పుడు మన టైము అయిదుకి పది నిమిషాలు తక్కువ. రెండో విమానం ఎక్కి తొమ్మిదిన్నర గంటలు దాటింది. "ఆఫ్రికా పడమటి ఒడ్డు పక్కన, సముద్రం మీద ఉన్నారు. ఇంకో మూడున్నర గంటలు దాటాక జర్మనీలో దిగుతారు."

"నువ్వు సూసేవేటి?"

"లేదు."

"మరెలా సెప్తన్నావు?"

"లెక్క వేసి చెప్తున్నాను."

"మొన్నా లెక్కేసే కదా సెప్పేవు."

ఈలోగా మిగతావాళ్ళు మా చుట్టూ చేరారు. ఒకతను గట్టిగా అరవడం మొదలెట్టాడు, ఆఫీసువాళ్ళంతా ఒకటే, నిజం దాస్తారని. ముసలాయన అతని భుజం మీద చెయ్యి వేసి ఆపాడు.

"ఆగరా బావా. ఈ పిల్ల అబద్ధమాడ్డం లేదు. ముప్పయ్యారు గంటలని నాకు సోమారమే సెప్పింది. ముప్పయ్యారంటే రోజున్నర. మంగళారం సాయంత్రం ఎక్కినోడు బుధారం మజ్జానానికెలా దిగుతాడు? అక్కడి గడియారం మనకన్నా ఎనకుంటాదని రేడియోలో ఇంటాను. అయితే ఇంకా లేటవ్వాలి గానీ బేగి రాకూడదు. నాకప్పుడే అనుమానవొచ్చింది."

"మరి నాతో అనలేదేం బాబాయ్?" అన్నాను.

"సదువుకున్న పిల్లవు. పుస్తకం సూసి రాసేవు. నాకేటి తెలుసని ఊరుకున్నాను."

ఆ మాట నాకు అరుపుల కంటే ఎక్కువ తగిలింది. ఆయన నాలుగు రోజులు సముద్రంలో ఉండి, ఏ పొద్దుకి ఒడ్డు చేరతాడో ముందే చెప్పి చేరే మనిషి. చీటీ మీద అక్షరాలు చూసి తన లెక్క తానే కొట్టేసుకున్నాడు.

పొద్దు వాలేదాకా వాళ్ళు అక్కడే ఉన్నారు. తర్వాత ముసలాయన అందర్నీ వ్యాను ఎక్కించాడు. ఎక్కేముందు కోడలు నాతో ఒకటే మాట అంది. "రేపు నువ్వూ రావాల."

గురువారం పొద్దున్న తొమ్మిదింటికి బొంబాయిలో మాకు పనిచేసిపెట్టే ఏజెంటు ఫోన్ చేశాడు. మనిషి దిగాడు, టీ తాగాడు, పన్నెండింటి విమానానికి కూచోబెట్టానన్నాడు. నేను ఆటో ఎక్కి జాలారిపేట వెళ్ళాను. ఆమె ఇంటి గుమ్మంలో కూచుని ఉంది. పక్కన గిన్నెలో గంజి అలాగే ఉంది, తొరక కట్టి.

"బొంబాయిలో దిగారు అక్కా. ఇప్పుడే ఫోన్ వచ్చింది."

"మాట్లాడేవా ఆడితోటి?"

"నేను మాట్లాడలేదు. అక్కడి ఆయన చూశాడు."

"ఏ సొక్కా తొడుక్కున్నాడంట?"

నేను అడగలేదు. సందు చివర బూత్ ఉంటే అక్కడికి వెళ్ళి బొంబాయికి మళ్ళీ ఫోన్ చేశాను. ఏజెంటు విసుక్కున్నాడు. విసుక్కుంటూనే చెప్పాడు. తిరిగి వచ్చి ఆమెకి చెప్పాను. "నీలం గళ్ళ చొక్కా. రెండు జేబులు. ఎడమ చెయ్యి మెడకి కట్టి ఉందట."

ఆమె "రెండు జేబులూ నానే కుట్టించేను" అని లేచి, గంజి గిన్నె లోపలికి తీసుకెళ్ళింది. తాగిందో పారబోసిందో తెలీదు. పది నిమిషాల్లో మొహం కడుక్కుని, తల దువ్వుకుని బయటికి వచ్చింది.

ఆ మధ్యాహ్నం వ్యానులో నేనూ వెళ్ళాను. జనం ముందురోజు కంటే తగ్గారు. విమానం మూడు ముప్పై అయిదుకి దిగింది. అతను అందరికంటే ఆఖర్న వచ్చాడు. చెప్పిన చొక్కాయే. మనిషి నల్లగా, పొట్టిగా, తండ్రి పోలికే. చేతికి తెల్లటి కట్టు. పాదాలు వాచి చెప్పుల్లో పట్టడం లేదు.

మమ్మల్ని చూసి నవ్వాడు. "ఇంతమందొచ్చేరేటి? నానేటి సచ్చిపోయాననుకున్నారేటి?"

ఎవరూ నవ్వలేదు. తండ్రే అన్నాడు, "నిన్నొచ్చేం. నువ్వు రాలేదు."

"నిన్నెలాగొత్తాను? నిన్నంతా గాల్లోనే ఉన్నాను కదా!"

ఆమె అప్పుడు వెనక్కి తిరిగి నన్ను చూసింది. కోపం లేదు, మెచ్చుకోలూ లేదు. ఒక సంగతి తేలిందన్నట్టు చూసింది. తర్వాత మొగుడి ఎడమ చెయ్యి తన అరచేతిలో పెట్టుకుని, కట్టు మీదనుంచే మెల్లగా తడిమి వేళ్ళు లెక్కపెట్టింది. మూడు ఉన్నాయి. చిటికెన వేలూ, దాని పక్కదీ లేవు. ఫ్యాక్సులో అది రాయలేదు.

"మూడుండగా ఏటయిపోద్ది" అంది. వ్యాను ఎక్కేదాకా ఆ చెయ్యి వదల్లేదు.

మర్నాడు యజమాని నన్ను పిలిచారు. ఉద్యోగం పోతుందనుకున్నాను. "లెక్క ఎవరికైనా తప్పుతుంది అమ్మాయ్. ముప్పై ఆరు గంటలు అన్నదీ నువ్వే, బుధవారం అన్నదీ నువ్వే. రెండూ పక్కపక్కన పెట్టుకు చూడలేదు, అంతే" అన్నారు. అప్పట్నుంచి ఇంటివాళ్ళకి ఇచ్చే ప్రతి చీటీ ఇద్దరం చూసేవాళ్ళం.

నాలుగైదు నెలల తర్వాత ఒకరోజు ఆమె ఒక్కతే ఆఫీసుకి వచ్చింది. అతనెలా ఉన్నాడని అడిగాను. ఓడలకి పనికిరాడని డాక్టరు రాసేశాడట. ఫిషింగ్ హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో చేరాడట. ఆమె చేతిలో ఓడ కంపెనీ ఇచ్చిన కాగితాలు ఉన్నాయి.

"దీంట్లో దెబ్బ తగిలిన టైము రాసేరంట. మావోడు సెప్పేడు. తెల్లారగట్ల అయిదూ నలభై. అది ఆల టైము. మన టైములో ఎంతవుద్దో సెప్పు."

ఎందుకని అడిగాను.

"ఆ టైముకి నానేటి సేత్తన్నానో తెలుసుకోవాల."

తొమ్మిదిన్నర గంటలు కలపాలి. అంత సులువైన లెక్క నేను మూడుసార్లు వేశాను. తారీఖు చూశాను, కాలెండరులో వారం చూశాను. ఆదివారం. వేరే ఏదో టైము చెబితే ఆమె తేలిగ్గా ఇంటికి పోతుందేమోనన్న ఆలోచన కూడా వచ్చింది. కానీ ఆమెకి ఒకసారి తప్పు చెప్పి ఉన్నాను.

"ఆదివారం మధ్యాహ్నం మూడూ పది" అన్నాను.

ఆమె కళ్ళు పైకెత్తి లెక్క చూసుకుంది. "ఆ ఆదివారం మా అక్క కూతురు పెద్దమనిషయిన పేరంటం. బంతి బోయినాలయ్యేక అందరం కూకున్నాం. ముసిల్దెవత్తో పాట పాడితే..." అని ఆగింది. "నవ్వుతున్నాను. ఏడుపొచ్చినంత నవ్వేను ఆ రోజు."

నేను మంచినీళ్ళు ఇచ్చాను. తాగింది.

"గుండెలో ఏటో అవుద్దంటారు కదా అలాటప్పుడు. నాకేటీ అవ్వలేదు."

"అంత దూరం అక్కా."

"దూరమే" అంది. కాగితాలు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆమె నన్ను ఓదార్పు అడగలేదు. నేనూ ఇవ్వలేదు. ఇచ్చి ఉండాల్సిందా అని కొన్నాళ్ళు అనుకుని, తర్వాత మరిచిపోయాను.

రెండువేలు దాటాక మా పని మారిపోయింది. కంప్యూటర్లు వచ్చాయి. ఊరి పేర్లు రెండు కొడితే దూరమూ, గంటలూ, దిగే రోజూ అన్నీ అదే చెప్పేది. యజమాని పోయాక ఆయన కొడుకు ఆ మేడ అమ్మేశాడు. అప్పటికి నాకు పెళ్ళయి సీతమ్మధారలో ఉంటున్నాను. ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఆఫీసులో ఉద్యోగం.

ఒక ఆదివారం చేపలు కొనడానికి వెళ్తే ఆమె కనిపించింది. పీట ముందు కూచుని వంజరం కోస్తోంది. జుట్టు నెరిసింది. నేను గుర్తుపట్టాను గానీ పలకరించాలా వద్దా అని ఆగాను. ఆమే తలెత్తి, "లెక్కల పిల్లవు కదేటి?" అంది.

మామగారు పోయి మూడేళ్ళయిందని చెప్పింది. ఆయన బోటు ఇప్పుడు మొగుడే నడుపుతున్నాడట. మూడు వేళ్ళతో ఇంజను పనంతా చేసుకుంటాడట. కూతురు తొమ్మిదో తరగతి.

"నానూ ఇమానవెక్కేను తెలుసా" అంది. వాళ్ళ మహిళా సంఘం వాళ్ళని ఏదో మీటింగుకి హైదరాబాదు తీసుకెళ్ళారట.

"భయమేసిందా?"

"భయమేటి? కిటికీ కాడ కూకున్నాను. గంట అన్నారు. నా వాచీలో గంటా పావయ్యింది. పక్కనున్న బాబుని అడిగితే పైన గాల్లో తిప్పేరన్నాడు, కిందన ఖాళీ లేక." కత్తి చేపలో దించుతూ అంది. "ఆ పావుగంటా ఇంటికాడ మావోడు కాలుకాలిన పిల్లిలాగ తిరిగేడంట. బాగా అయ్యింది."

వెనక ఎవరో తొందరపడుతున్నారు. ముక్కలు పెద్దవి కావాలా చిన్నవా అని అడిగింది. పులుసుకని చెప్పాను. పెద్దవే కోసి, తల విడిగా కట్టి ఇచ్చి, వెనకాయన వైపు తిరిగింది.